పగ కూడా పట్టని విశ్వం: కాస్మిక్ హారర్ కథలను ఇంకా ఎందుకు చదువుతున్నారు?

పెద్దపల్లి నుండి ఒక యువ పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. మనిషిని లెక్కచేయని విశ్వం ముందు కలిగే భయాన్ని చెప్పే కాస్మిక్ హారర్ కథలకు పేరుపడ్డ అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ రాసిన ‘ది కాల్ ఆఫ్ క్థుల్హు’ కథ చదివారట, భయం వేయలేదట. ఆక్టోపస్ తల ఉన్న ఒక వికృతాకారం, దాన్ని కొలిచే ఒక గుంపు, చివర సముద్రంలో ఒక ఓడ, ఇంతకు మించి అందులో ఏముందని అడుగుతున్నారు. ఆ కథల ఆధారంగా వచ్చిన సినిమాల్లో రబ్బరు బొమ్మలు తప్ప మరేమీ కనిపించలేదనీ, మన దగ్గర ఇంతకంటే భయంకరమైన కథలు ఎన్నో ఉండగా ఈ పాత అమెరికన్ కథల గురించి వందేళ్లుగా ఇంత చర్చ ఎందుకనీ ఆయన సందేహం.

మన దగ్గర అంతకంటే భయపెట్టే కథలు ఉన్నమాట నిజం. హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు సాహిత్యం బోధించిన కాలంలో ఈ కథ ఇచ్చి చదవమన్నప్పుడల్లా భయపడినవారి కంటే విసుగుపడినవారే ఎక్కువగా కనిపించేవారు. వారిని నేను తప్పుపట్టను. విశేషణాల మీద విశేషణాలు పేర్చడం, వర్ణించ శక్యం కానిదంటూనే పేజీల కొద్దీ వర్ణించడం లవ్‌క్రాఫ్ట్‌కు అలవాటు. ఎడ్మండ్ విల్సన్ అనే పేరున్న అమెరికన్ విమర్శకుడు 1945లో, ఈ కథల్లో చాలావాటిలో భయపడవలసింది ఏదైనా ఉంటే అది వాటి అభిరుచి లేమినీ, పేలవమైన కళనూ చూసేనని ఎద్దేవా చేశాడు. ఆ ఎద్దేవాలో కొంత న్యాయం ఉన్నా, విల్సన్ పట్టించుకోని విషయం ఒకటి ఉంది. ఈ కథల్లో భయాన్ని వికృతాకారంలో వెతికితే దొరకదు. ఆ ఆకారానికి మనతో ఏ సంబంధమూ లేకపోవడంలో వెతకాలి.

ఇది అర్థం కావాలంటే ముందు మన ప్రాంతపు భయాల తీరు గమనించాలి. ఊళ్లో ఒకరికి అంతుపట్టని జబ్బు చేస్తే, పాలిచ్చే బర్రె ఉన్నట్టుండి చచ్చిపోతే, ‘ఎవరో చేసిన్రు’ అన్న మాట తొందరగానే పుడుతుంది. బాణామతి, చేతబడి అనే నమ్మకాల అడుగున ఉన్న లెక్క ఒక్కటే: కష్టం ఊరికే రాదు, దాని వెనుక ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషికి మన మీద ఒక కక్ష ఉంటుంది. ఈ నమ్మకం పేరుతో మన పల్లెల్లో నిస్సహాయులను కొట్టి చంపిన ఘటనలు జరిగాయి కాబట్టి దాని గురించి తేలికగా మాట్లాడరాదు. కానీ కథగా చూస్తే అందులో ఒక వింత ఊరట ఉంది. కక్ష ఉన్నదంటే కారణం ఉన్నట్టే, కారణం ఉన్నదంటే విరుగుడు కూడా ఉన్నట్టే. మన దయ్యాల సినిమాలు కూడా ఈ దారిలోనివే. ఇంటర్వెల్ దాటాక దయ్యానికి ఒక ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, దానికి జరిగిన అన్యాయం తెలుస్తుంది, పగ తీరగానే అది వెళ్లిపోతుంది. కాస్మిక్ హారర్ ఈ లెక్క మొత్తాన్ని కొట్టివేస్తుంది. అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చేయలేదు. పగ పట్టాలన్నా ముందు మనం ఒకరి కంట పడాలి. ఆ విశ్వంలో మనం ఎవరి కంటా పడం.

ఇది నేను కథల మీద రుద్దుతున్న సిద్ధాంతం కాదు. ‘వియర్డ్ టేల్స్’ పత్రిక సంపాదకుడు ఫార్న్స్‌వర్త్ రైట్ మొదట తిప్పిపంపిన ‘ది కాల్ ఆఫ్ క్థుల్హు’ను 1927 జూలైలో మళ్లీ పంపుతూ లవ్‌క్రాఫ్ట్ ఒక ఉత్తరం రాశాడు. మనుషుల నియమాలకూ, ఆసక్తులకూ, ఉద్వేగాలకూ ఈ విశాల విశ్వంలో ఎటువంటి విలువా లేదన్న ప్రాతిపదిక మీదే తన కథలన్నీ నిలిచి ఉన్నాయని అందులో స్పష్టంగా చెప్పుకున్నాడు. రైట్ ఈసారి అంగీకరించాడు. కథ 1928 ఫిబ్రవరి సంచికలో వచ్చింది.

అయితే మీరు ఆ కథతో మొదలుపెట్టడమే ఇబ్బంది తెచ్చిందని నా అభిప్రాయం. 1927 సెప్టెంబరులో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికలో వచ్చిన ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’ చదివి ఉంటే మీ ప్రశ్న మరోలా ఉండేది. అది ఒక రైతు కథ. 1882లో నేహమ్ గార్డ్‌నర్ అనే రైతు ఇంటి ముందు, బావి పక్కన, ఒక ఉల్క పడుతుంది. విశ్వవిద్యాలయం నుండి ప్రొఫెసర్లు వచ్చి ముక్క తీసుకుపోతారు, పరీక్షలు చేస్తారు, ఆ ముక్క గాజు పాత్రలోనే కరిగి మాయమవుతుంది, వారు తలలు పట్టుకుని తమ పనుల్లో పడిపోతారు. ఉల్కలో ఒక రంగు ఉంది. అది మనకు తెలిసిన ఏ రంగూ కాదు. ఆ సంవత్సరం తోటలో కాయలు మునుపెన్నడూ లేనంత పెద్దగా, నిగనిగలాడుతూ కాస్తాయి. నేహమ్ సంబరపడి బుట్టలు సిద్ధం చేసుకుంటాడు. కోసి నోట్లో పెట్టుకుంటే వెగటు, చేదు. ఒక్క కాయ కూడా అమ్మకానికి పనికిరాదు. ఆ తరువాత మొక్కలు, ఆ తరువాత పశువులు, ఆ తరువాత ఇంటిల్లిపాదీ బూడిదరంగుకు తిరిగి పొడిపొడిగా రాలిపోతారు. భార్యకు మతి చలిస్తుంది. బావి నీళ్లు బాగాలేవని పొరుగువాడు చెప్పినా ఆ కుటుంబం అవే నీళ్లు తాగుతుంది, ఇల్లు విడిచి పోదు.

నేహమ్ దీన్ని ఒక రకమైన దైవశిక్ష అనుకుంటాడు. కానీ తనకు తెలిసినంతవరకు ధర్మం తప్పకుండానే బతికాడు కదా, మరి ఈ శిక్ష దేనికో అతనికి అంతుపట్టదు. ఈ శాఖ సాహిత్యం మొత్తంలో నేను అత్యంత భయంకరమైనదిగా భావించే చోటు అదే. ఎందుకంటే పాఠకుడికి అప్పటికే తెలుసు, అది శిక్ష కాదని. ఆ రంగు అక్కడ పడింది, కావలసింది పీల్చుకుంది, ఆకాశంలోకి వెళ్లిపోయింది. నేహమ్ అనే మనిషి ఒకడు ఉన్నాడన్న సంగతి దానికి తెలుసో లేదో కూడా కథ చెప్పదు. పంట ఎందుకు పోయిందో, నకిలీ విత్తనమా, తెగులా, వానా అని తెలుసుకునే ప్రయత్నంలోనే సగం జీవితం గడిచిపోయే రైతులు ఉన్న జిల్లాల వాళ్లం కాబట్టి ఈ కథ మనకు లవ్‌క్రాఫ్ట్ సొంత ఊరైన ప్రొవిడెన్స్ నగర పాఠకుల కంటే దగ్గరగా ఉంటుందని చెప్పగలను. దానికి తోడు, కథ చెప్పే వ్యక్తి అక్కడ కట్టబోయే రిజర్వాయరు కోసం సర్వే చేయడానికి వచ్చినవాడు. ఆ పాడుబడిన నేల త్వరలో నీటి అడుగుకు పోతుంది, ఆ నీళ్లే నగరానికి మంచినీళ్లవుతాయి. మిడ్ మానేరు కింద ఊళ్లు మునిగిన ప్రాంతంవారికి ఆ చివరి పేజీలు ఎలా తగులుతాయో వేరే చెప్పనవసరం లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలో రెండవ భాగానికి వస్తాను. మన పురాణాల్లో ఇంతకంటే పెద్ద విశ్వం ఉంది కదా, మనకు ఇందులో కొత్తేముంది అనే ఆలోచన సహజమే. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల మానవ సంవత్సరాలని చిన్నప్పటి నుండి వింటూ పెరిగినవారికి, విశ్వం పాతది, పెద్దది అన్న సమాచారం పెద్ద దెబ్బేమీ కాదు. పరిమాణం ఒక్కటే భయానికి కారణమైతే మనవాళ్లు ఎప్పుడో భయపడి ఉండాలి. నిజానికి ఒకచోట భయపడ్డారు కూడా. మన పక్కనే ఉన్న బమ్మెర పోతన భాగవతంలో, మన్ను తిన్నావా అని అడిగిన యశోదకు బాలకృష్ణుడు నోరు తెరిచి చూపినప్పుడు ఆమె అందులో సముద్రాలతో, పర్వతాలతో సహా బ్రహ్మాండాన్నంతా చూస్తుంది. అప్పుడు ఆమె నోట పోతన పలికించిన పద్యం మనలో చాలామందికి కంఠస్థమే: ‘కలయో వైష్ణవ మాయయో యితర సంకల్పార్థమో సత్యమో, తలఁపన్ నేరక యున్నదాననొ యశోదాదేవిఁ గానో’. ఇది కలా, మాయా, నిజమా అన్న సందేహంతో మొదలై, నేను అసలు యశోదనేనా అన్న సందేహం దాకా ఆ తల్లి వెళ్లిపోతుంది. విశ్వాన్ని ఒక్కసారిగా చూసిన మనిషికి తన పేరు మీద కూడా నమ్మకం పోవడమన్నది లవ్‌క్రాఫ్ట్ ఎన్నో కథల్లో చెప్పడానికి ప్రయత్నించిన విషయం. పోతన దాన్ని నాలుగు పాదాల్లో, ఎంతో శ్రావ్యంగా చెప్పాడు.

తేడా ఆ తరువాత వస్తుంది. విష్ణుమాయ కమ్ముతుంది, యశోద ఆ దృశ్యాన్ని మరచి పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. గీత పదకొండవ అధ్యాయంలో విశ్వరూపం చూసి వణికిపోయిన అర్జునుడు పాత రూపం చూపించమని వేడుకుంటే, ఆ రూపం మళ్లీ వస్తుంది, భయం తీరుతుంది. చూసిన వారికీ, చూపించిన వాడికీ మధ్య తల్లీ బిడ్డల బంధమో, స్నేహితుల బంధమో ఉంది. ఆ బంధాన్ని తీసివేసి, నోరు తెరిచిన దృశ్యాన్ని మాత్రం అలాగే ఉంచితే మిగిలేదే కాస్మిక్ హారర్. లవ్‌క్రాఫ్ట్ నాస్తికుడు, ఒళ్లోకి తీసుకోవడానికి పిల్లవాడు అతనికి దొరకలేదు.

ఆ దృశ్యం అతనికి సైన్సు నుండి వచ్చింది. 1890లో ప్రొవిడెన్స్‌లో పుట్టిన అతను కుర్రవాడిగా ఉన్నప్పుడే స్థానిక పత్రికలకు ఖగోళశాస్త్ర వ్యాసాలు రాసేవాడు. 1919 గ్రహణంతో ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి బలం చేకూరింది. ఆండ్రోమెడా మన పాలపుంతలో భాగం కాదని, అదే మరొక నక్షత్ర మండలమని హబుల్ 1924 చివరికి తేల్చాడు. అంటే అప్పటిదాకా విశ్వమంతా ఇదే అనుకున్నది ఎన్నింటిలోనో ఒకటిగా మారిపోయింది. 1930లో ప్లూటోను కనుగొన్న వార్త రాగానే, అదే సంవత్సరం రాస్తున్న ‘ది విస్పరర్ ఇన్ డార్క్‌నెస్’ కథలో తాను ఊహించిన యుగ్గోత్ గ్రహం ఇదేనని కలిపేశాడు. ఇంత తాజా సైన్సును ఇంత పాతకాలపు వాక్యాల్లో చెప్పడం అతని ప్రత్యేకత.

భూగర్భశాస్త్రం సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే అది మన కాళ్ల కిందిదే. 1931లో రాసిన ‘ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ నవల అంటార్కిటికాలో నడుస్తుంది. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండి విడిపోయాయన్న వెజెనర్ ప్రతిపాదనను అప్పటి భూగర్భ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. లవ్‌క్రాఫ్ట్ మాత్రం దాన్ని ఆ నవలలో వాడుకున్నాడు. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి గనుల్లో పనిచేసిన కుటుంబాల వారికి దీని సాక్ష్యం తెలిసే ఉంటుంది. బొగ్గు పొరలతో పాటు వచ్చే నల్లటి రాతి పలకను చీల్చితే కొన్నిసార్లు నాలుక ఆకారంలో ఉన్న ఆకు ముద్ర బయటపడుతుంది. మధ్యలో ఈనె, దాని నుండి వలలాగా అల్లుకున్న సన్నటి గీతలు, నిన్ననే రాలినట్టు స్పష్టంగా ఉంటాయి. అది గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకు. వయసు 25 కోట్ల సంవత్సరాలకు పైమాటే. దక్షిణ ధ్రువం నుండి తిరిగివస్తూ 1912లో మరణించిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం చివరిదాకా మోసుకొచ్చిన దాదాపు 16 కిలోల రాళ్లలో ఇదే గ్లాసోప్టెరిస్ శిలాజాలు ఉన్నాయి. గోదావరి లోయా, అంటార్కిటికా ఒకే నేల అయిన కాలం ఒకటి ఉండేది. మనిషి పుట్టుకకు కోట్ల సంవత్సరాల ముందు, ఎవరూ చూడకుండానే, ఆ అడవి చిగురించి, ఎండి, బొగ్గయింది. ఆ పలకను చేతిలో పట్టుకున్నప్పుడు కలిగే చిన్న తత్తరపాటే ఆ నవలకు మూలధనం.

ఆ నవలలో డయర్ అనే భూగర్భ శాస్త్రవేత్త మంచు కింద ఒక మహానగరాన్ని చూస్తాడు. మనుషుల కంటే ఎన్నో కోట్ల ఏళ్ల ముందు నక్షత్రాల నుండి వచ్చిన జీవులు దాన్ని కట్టారు. గోడల మీది శిల్పాలు వరుసగా చూసుకుంటూ పోయి డయర్ వారి చరిత్ర చదువుతాడు. రామప్ప గుడి చుట్టూ తిరిగినవారికి ఆ పద్ధతి కొత్త కాదు. భూమి మీద ప్రాణం ఆ జీవుల పరిహాసం వల్లనో, పొరపాటు వల్లనో పుట్టి ఉండవచ్చన్న సూచన అందులో వస్తుంది. అయితే నవలలో అసలైన మలుపు చివర ఉంది. మొదట తన సహచరులను చంపిన ఆ జీవులే, తాము సృష్టించి బానిసలుగా వాడుకున్న షాగోత్‌ల చేతిలో చచ్చిపడి ఉండడం చూసి డయర్ వారిని అసహ్యించుకోడు. వారూ చివరిదాకా శాస్త్రజ్ఞులే, వారూ మనుషులే అని ఆక్రోశిస్తాడు. దయ అనే గుణం లవ్‌క్రాఫ్ట్‌లో అరుదు; ఇక్కడ అది ఎంత ఊహించని చోట పలికిందో గమనించండి.

లవ్‌క్రాఫ్ట్ ఒక్కడే ఈ తరహా కథలు రాయలేదు. ఆర్థర్ మాకెన్, విలియం హోప్ హాడ్జ్‌సన్, ఆల్జర్నన్ బ్లాక్‌వుడ్ అతని కంటే ముందువారు. వీరిలో బ్లాక్‌వుడ్ 1907లో రాసిన ‘ది విల్లోస్’ను తప్పకుండా చదవాలి. డాన్యూబ్ నది మధ్య ఇసుక లంక మీద రాత్రి గడపవలసి వచ్చిన ఇద్దరు స్నేహితుల కథ అది. రాక్షసుడు లేడు, రక్తం లేదు. చెట్ల పొదలు, గాలి, కొద్దికొద్దిగా కోసుకుపోతున్న లంక మాత్రమే ఉన్నాయి. పనితనంలో అది లవ్‌క్రాఫ్ట్ కథలన్నింటి కంటే మేలైనదని నా అభిప్రాయం.

మీకు నచ్చని ‘ది కాల్ ఆఫ్ క్థుల్హు’కు మరొక అవకాశం ఇవ్వమని అడుగుతాను. ఈసారి ఆ ఆకారం కోసం చదవవద్దు, కాగితాల కోసం చదవండి. కథ చెప్పే వ్యక్తి ఏదీ స్వయంగా చూడడు. చనిపోయిన తాత తరపు బంధువు వదిలిన పెట్టెలో నోట్సు దొరుకుతాయి, ఒక శిల్పి కలల వివరాలు దొరుకుతాయి, ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ ఎన్నో ఏళ్ల క్రితం చెప్పిన సంగతులు దొరుకుతాయి. ఇవన్నీ పక్కన పెట్టేసిన తరువాత, ఒక చిన్న మ్యూజియంలో రాళ్ల నమూనాల కింద పరిచిన పాత సిడ్నీ పత్రికలో ఒక బొమ్మ అతని కంట పడుతుంది. మన ఇళ్లలో అల్మారా అరల్లో పరిచే పాత పేపరు లాంటిదే అది. లోకం మీద నమ్మకాన్ని కూల్చివేసే చివరి ఆధారం అంత అనామకంగా, రాళ్ల కింద దొరుకుతుంది. మనిషి తనకు తెలిసిన విషయాలన్నింటినీ ఒకదానితో ఒకటి కలిపి చూడలేకపోవడం గొప్ప వరమన్న భావంతో కథ మొదలవడానికి కారణం అదే. విడివిడిగా ఏ కాగితమూ ప్రమాదకరం కాదు. చేతిలోని ఫోనులో రోజంతా ఏ వార్తనో దేనితోనో ముడిపెట్టి చూసుకుంటూ ఉండే మన తరానికి ఈ భయం పాతబడిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక దాచకూడని విషయం ఒకటి ఉంది. లవ్‌క్రాఫ్ట్ జాతి విద్వేషి. అతని కాలంలో అందరూ అలాంటివారేనన్న సమర్థన సరిపోదు. అతని ఉత్తరాల్లోని ద్వేషం ఆ కాలపు కొలతలకు కూడా ఎక్కువే. 1924 నుండి 1926 దాకా న్యూయార్క్‌లో ఉన్నప్పుడు వలస వచ్చినవారిని చూసి కలిగిన ఏవగింపును ‘ది హారర్ ఎట్ రెడ్ హుక్’ కథగా రాశాడు; అది చెడ్డ కథ కూడా. ‘ది కాల్ ఆఫ్ క్థుల్హు’లో ఆ భూతాన్ని కొలిచేవారిలో ఎక్కువమంది నల్లవారో, మిశ్రమ జాతులవారో కావడం యాదృచ్ఛికం కాదు. మనలాంటి రంగు ఉన్న పాఠకుడు ఆ కథల్లో తనను తాను వెతుక్కుంటే గుంపులోనే కనిపిస్తాడు. వరల్డ్ ఫాంటసీ పురస్కారానికి ప్రతిమగా ఉన్న అతని తలబొమ్మను 2015లో మార్చాలని నిర్ణయించినప్పుడు, లవ్‌క్రాఫ్ట్ రచనల శుద్ధ ప్రతులను సిద్ధం చేసిన అగ్రశ్రేణి పరిశోధకుడు, పుణెలో పుట్టిన ఎస్.టి. జోషి నిరసనగా తనకు వచ్చిన పురస్కారాలను తిప్పిపంపారు. జోషి పాండిత్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ నల్లజాతి రచయిత ఇంట్లో ఆ తలబొమ్మ బహుమతిగా కూర్చోవడంలోని ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ప్రతిమ మారినంత మాత్రాన కథలకు వచ్చిన నష్టమేమీ లేదు.

విచిత్రమేమిటంటే, అదే ఏవగింపు నుండి అతని మంచి కథల్లో ఒకటి పుట్టింది. ‘ది షాడో ఓవర్ ఇన్స్‌మత్’లో సముద్ర జీవులతో వియ్యమందిన ఊరివాళ్లను చూసి కథకుడు అసహ్యంతో పారిపోతాడు. ఆ తరువాత తన వంశవృక్షం తవ్వుకుంటే, తానూ వారి రక్తమేనని తేలుతుంది. చావాలనుకున్నవాడు చివరికి మనసు మార్చుకుని, సంతోషంగా సముద్రంలోకి వెళ్లడానికి సిద్ధమవుతాడు. రచయిత ద్వేషించినదాన్ని కథ ఆలింగనం చేసుకుంది. రచయిత ఉద్దేశించాడో లేదో గాని, ఆ చివరి పేజీ అతని ఉత్తరాలన్నింటికీ జవాబులా ఉంటుంది. ఇటీవలి నల్లజాతి రచయితలు లవ్‌క్రాఫ్ట్‌ను వదిలేయకుండా తిరగరాయడానికి కూడా ఇటువంటి పగుళ్లే దారి ఇచ్చాయి. విక్టర్ లావల్ 2016లో రెడ్ హుక్ కథను ఒక నల్లజాతి యువకుడి వైపు నుండి మళ్లీ చెప్పాడు. ప్రైవేటు డిటెక్టివ్ చేతిలో తండ్రిని పోగొట్టుకున్నవాడికి, పట్టించుకోని విశ్వం కంటే పట్టించుకుని మరీ హింసించే సమాజమే భయంకరంగా కనిపిస్తుందని ఆ నవలిక వాదిస్తుంది. కాస్మిక్ హారర్ మీద వచ్చిన అభ్యంతరాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది అది.

ఇతర రూపాల్లోకి మార్చేటప్పుడు ఎక్కడ చెడుతోందో చెప్పడానికి ఇప్పుడు వీలవుతుంది. మొదటి పొరపాటు సినిమావాళ్లది కాదు, స్నేహితుడిది. 1937లో లవ్‌క్రాఫ్ట్ 46 ఏళ్లకే పేగు క్యాన్సర్‌తో పేదరికంలో మరణించాక, ఆగస్ట్ డెర్లెత్, డొనాల్డ్ వాండ్రే కలిసి 1939లో ఆర్కమ్ హౌస్ అనే ప్రచురణ సంస్థ పెట్టి ఆ కథలను పుస్తకాలుగా బతికించారు. అందుకు డెర్లెత్‌కు పాఠకలోకం రుణపడి ఉంది. కానీ తాను రాసిన కొనసాగింపు కథల్లో అతను మంచి దేవతలు, చెడ్డ దేవతలు అని రెండు పక్షాలు కట్టి వారి మధ్య యుద్ధం పెట్టాడు. దేవాసుర యుద్ధం మనకు కొత్తా? ఆ క్షణంలోనే విశ్వానికి మన మీద ఆసక్తి పుట్టింది, భయం ఆవిరైపోయింది. తరువాత వచ్చిన సినిమాల్లో చాలావరకు డెర్లెత్ దారినే పట్టాయి. 1963లో రోజర్ కార్మన్ లవ్‌క్రాఫ్ట్ నవలికను తీసుకుని దానికి ఎడ్గర్ ఆలన్ పో కవిత పేరు పెట్టి అమ్ముకున్నాడు. 1985లో స్టువర్ట్ గోర్డన్ తీసిన ‘రీ-ఆనిమేటర్’ సరదాగా, నెత్తురుతో నిండి ఉంటుంది, నాకు ఇష్టమే. కానీ అందులో విశ్వం లేదు, ఒక పిచ్చి డాక్టరు ఉన్నాడు.

చూపించడం తప్పనిసరైన సినిమాకు, చూపలేనిదాన్ని గురించిన కథ సహజంగానే కొరుకుడు పడదు. తెలివైనవారు ఆ ఇబ్బందిని రకరకాలుగా దాటారు. మనకు తెలియని రంగును ఎలా చూపాలి? 2010లో వచ్చిన జర్మన్ చిత్రం ‘డీ ఫార్బె’ మొత్తం నలుపు తెలుపులో నడిచి, ఆ రంగుకు మాత్రమే రంగు వేసింది. ఇంత సులువైన ఉపాయం మరొకరికి తట్టలేదు. నికొలస్ కేజ్ నటించిన 2019 చిత్రం మెజెంటా ఛాయను ఎంచుకుంది. ఇంద్రధనుస్సులో మెజెంటా ఉండదు, ఏ ఒక్క తరంగదైర్ఘ్యానికీ అది చెందదు కాబట్టి ఆ ఎంపికలో ఆలోచన ఉంది. కేజ్ అరుపులే ఆ ఆలోచనను మింగేశాయి. లవ్‌క్రాఫ్ట్ అభిమానుల సంస్థ ఒకటి 2005లో ‘ది కాల్ ఆఫ్ క్థుల్హు’ను 1920ల నాటి మూకీ చిత్రంలా, 47 నిమిషాల్లో తీసింది. పాత సినిమాలో బొమ్మ బొమ్మలాగే కనిపించినా మనం క్షమిస్తాం కాబట్టి మీరు చెప్పిన రబ్బరు సమస్య అక్కడ తలెత్తదు.

వీటన్నింటి కంటే మెరుగైన చిత్రం లవ్‌క్రాఫ్ట్ కథే కాదు. జాన్ కాంప్‌బెల్ 1938లో రాసిన నవలిక ఆధారంగా జాన్ కార్పెంటర్ 1982లో తీసిన ‘ది థింగ్’లో, అంటార్కిటికా స్థావరంలో చిక్కిన మనుషుల్లో ఎవరు మనిషో ఎవరు కాదో తెలియదు. ఆ జీవి ఒక్క మాట మాట్లాడదు, ఒక్క కోరిక చెప్పదు. స్నేహంగా వచ్చే గ్రహాంతర జీవి సినిమా ‘ఈటీ’ థియేటర్లను నింపుతున్న నెలలోనే విడుదలై అది దెబ్బతిన్నది. ఇప్పుడు దాన్ని కళాఖండం అంటున్నారు. 2018 నాటి ‘యానైహిలేషన్’లో, ఆ జీవికి ఏం కావాలని విచారణాధికారి అడిగితే, దానికి ఏదైనా కావాలని తాను అనుకోవడం లేదని నాయిక జవాబిస్తుంది. డెర్లెత్ చెరిపివేసినదాన్ని ఆ ఒక్క జవాబు తిరిగి తెచ్చింది. గియెర్మో డెల్ టోరో ఏళ్ల తరబడి కలగన్న అంటార్కిటికా నవల సినిమాను 15 కోట్ల డాలర్ల బడ్జెట్టు, పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్టు దగ్గర బేరం కుదరక 2011లో స్టూడియో వదులుకుంది. మనకు ఆ చిత్రం దక్కకపోవడం నష్టమే.

ఆశ్చర్యంగా, ఈ కథల సారాన్ని అందరికంటే బాగా పట్టుకున్నది ఒక ఆట. 1981లో శాండీ పీటర్సన్ రూపొందించిన ‘కాల్ ఆఫ్ క్థుల్హు’ అనే పాత్రధారణ ఆటలో ప్రతి ఆటగాడికీ మానసిక స్థిమితానికి మార్కులు ఉంటాయి. భయంకరమైనది చూస్తే అవి తగ్గుతాయి. అసలైన నియమం మరొకటి: ఆ రహస్య విషయాల గురించి మీకు జ్ఞానం ఎంత పెరిగితే, స్థిమితం చేరుకోగల గరిష్ఠ పరిమితి శాశ్వతంగా అంత పడిపోతుంది. మిగతా ఆటల్లో నేర్చుకున్నవాడు బలవంతుడవుతాడు, ఇక్కడ నేర్చుకున్నవాడు కూలిపోతాడు. కథలు ఇంతకాలం నిలవడానికి ఇటువంటి పంపకం కూడా ఒక కారణం. లవ్‌క్రాఫ్ట్ తన కల్పిత గ్రంథాలను, దేవతల పేర్లను స్నేహితులకు ధారాళంగా వాడుకోనిచ్చాడు, వారివి తాను వాడుకున్నాడు. కార్కోసా అనే నగరం పేరు 1886లో ఆంబ్రోస్ బియర్స్ కథలో పుట్టి, 1895లో రాబర్ట్ చాంబర్స్ చేతికి వచ్చి, 2014లో ‘ట్రూ డిటెక్టివ్’ సీరియల్ దాకా చేరింది. మల్లన్న కథను ఏ ఒగ్గు బృందం చెప్పినా అది ఆ బృందం కథే అవుతుంది; ఈ లోకం కూడా అలాగే ఎవరి సొత్తూ కాకుండా పెరిగింది.

మీరు అడగకపోయినా చదివే వరుస చెబుతాను. ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’, ‘ది విల్లోస్’, ‘ది షాడో ఓవర్ ఇన్స్‌మత్’ ముందు చదవండి, ‘ది థింగ్’ చూడండి, ఆ తరువాతే ‘ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ పట్టుకోండి. మొదటి యాభై పేజీల రాళ్ల వివరాలు దాటవేయవద్దు, భయానికి నేల అక్కడే తయారవుతుంది. ఆ నవలను 1936లో అచ్చువేసిన పత్రిక ఇష్టం వచ్చినట్టు కత్తిరించి రచయితకు కోపం తెప్పించింది కాబట్టి, జోషి సరిచేసిన పాఠం ఉన్న ప్రతి దొరికితే అదే తీసుకోండి. డెర్లెత్ కొనసాగింపులు చివరకు వాయిదా వేయవచ్చు. రచయిత మరణం తరువాత 60 ఏళ్ల గడువు దాటిపోయినందువల్ల లవ్‌క్రాఫ్ట్, బ్లాక్‌వుడ్ రచనలకు మన దేశంలో కాపీరైటు అడ్డంకి లేదు. మీకు చేతనైతే నేహమ్ కథను మన పక్కకు తెచ్చి, ఆ పొరుగువాడు అమ్మీ పియర్స్ చేత మన యాసలో మాట్లాడించి చూడండి. ఇంగ్లీషులో కూడా అతనిది పల్లెటూరి యాసే.